అచ్చు కాని రాతప్రతిని ఏం చేయాలి: పంపడం, సంతకం పెట్టడం, సొంతంగా వేసుకోవడం

ఏళ్ల తరబడి చెక్కిన రాతప్రతిని పంపే పని మాత్రం చాలామంది ఒక్క సాయంత్రంలో తేల్చేస్తారు. దొరికిన ఈమెయిల్ చిరునామాలన్నిటికీ ఒకటే ఉత్తరం, దానికి తగిలించిన మొత్తం ఫైలు. ఆ తర్వాత నెలలు గడిచినా ఉలుకూ పలుకూ ఉండదు. రచన నచ్చలేదు కాబోలు అనుకుంటారు. చాలాసార్లు అసలు రచన దాకా ఎవరూ వెళ్లే ఉండరు.

ప్రచురణకర్త మీ పుస్తకం మీద తన డబ్బు పెడుతున్నాడు. ఎంత సాహిత్యాభిమాని అయినా ఆ డబ్బు తిరిగొస్తుందా అని చూసుకోక తప్పదు. లెక్క ఇలా ఉంటుంది. పుస్తకం ధర 100 అనుకుందాం. దుకాణానికీ పంపిణీదారుకీ కలిపి 45 వదులుకోవాలి. కాగితం, అచ్చు, బైండింగు 20. రచయితకు రాయల్టీ 10. మిగిలిన 25లోనే ఎడిటింగు, ప్రూఫులు (అచ్చుతప్పుల దిద్దుబాటు), ముఖచిత్రం, గోడౌను, రవాణా అన్నీ. ఇది 1,000 కాపీలూ అమ్ముడుపోతే. 400 దగ్గర ఆగిపోయిందనుకోండి: చేతికొచ్చేది 22,000. అచ్చుకు 20,000, రాయల్టీకి 4,000 పోతుంది. ఎడిటింగు ఖర్చు ముట్టుకోకముందే 2,000 నష్టం. అంకెలు చోటునుబట్టి మారతాయి గానీ లెక్క తీరు మాత్రం అంతటా ఇదే. సంపాదకుడికి మనసారా నచ్చిన పుస్తకం కూడా అమ్మకాలు చూసేవాళ్ల బల్ల దగ్గర ఆగిపోయేది ఇందుకే. కింద చెప్పేవన్నీ ఈ లెక్క చుట్టూ తిరిగేవే.

పంపే ముందు

పూర్తయిన రాతప్రతిని కనీసం నెల రోజులు పక్కన పెట్టండి. తర్వాత పైకి చదవండి. నాలుక తడబడిన చోటల్లా పెన్సిలు గీత పెట్టండి. ఆ గీతల్లో సగం పొడుగు వాక్యాల దగ్గరా, మిగతా సగం పాత్రలు మనుషుల్లా కాక వ్యాసాల్లా మాట్లాడే చోటా పడతాయి.

ఆపైన ముగ్గురికి ఇచ్చి చదివించండి. వాళ్లలో కనీసం ఒకరికి మిమ్మల్ని మెప్పించాల్సిన అవసరం ఉండకూడదు. "ఎలా ఉంది?" అని అడక్కండి, "బాగుంది" అన్న జవాబే వస్తుంది. "ఏ పేజీ దగ్గర పక్కన పెట్టారు? ఎవరు ఎవరో తెలియక వెనక్కి తిప్పిన చోటేది?" అని అడగండి. ముగ్గురిలో ఇద్దరు ఒకే చోటు చూపిస్తే అక్కడ తప్పుంది. దాన్ని ఎలా దిద్దాలో వాళ్లు చెప్పే సలహా మాత్రం తీసుకోనక్కర్లేదు. జబ్బు ఎక్కడుందో పాఠకుడు చెప్పగలడు, మందు రచయితే వెతుక్కోవాలి.

ఇక ఫైలు. ఏ4 పేజీ, చుట్టూ 2.5 సెంటీమీటర్ల మార్జిన్, 12 పాయింట్ల అక్షరం, వరుసకూ వరుసకూ మధ్య ఒకటిన్నర లేదా రెండింతల ఎడం, ప్రతి పేజీకీ నంబరు. కొత్త అధ్యాయం కొత్త పేజీలో మొదలవ్వాలి, అదీ పేజ్ బ్రేక్ పెట్టి. ఎంటర్ మీద ఎంటర్ కొడుతూ కిందికి నెడితే, అవతలివాళ్లు అక్షరం సైజు మార్చగానే అధ్యాయాల పేర్లు పేజీ మధ్యలో వేలాడతాయి. పేరాల మొదట్లో స్పేసులు కొట్టకండి, ఇండెంట్ వాడండి. పూల అంచులు, రంగు అక్షరాలు, సొంతంగా గీయించిన అట్ట బొమ్మ ఏవీ వద్దు. ఫైలుకు పుస్తకం పేరు, మీ పేరు, తేదీ పెట్టండి. "ఫైనల్ కొత్తది 2" అనే ఫైళ్లు సంపాదకుల దగ్గర ఇప్పటికే బోలెడున్నాయి.

తెలుగులో రాసేవాళ్లు యూనికోడ్‌లోనే టైపు చేయాలి. తెలుగు లిపికి అందులో 1991 నుంచే చోటుంది. అయినా అచ్చు పనిలో యూనికోడ్ కాని పాతకాలపు ఫాంట్ల వాడకం ఇంకా పోలేదు. అంచేత మీ పాఠం ఏదో ఒక దశలో ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారే అవకాశం ఉంది. ఆ మార్పిడిలో ఏమేం పాడవుతాయో ప్రూఫుల దగ్గర చెప్పుకుందాం. ఇప్పటికి చేయాల్సిందల్లా వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపడం. అక్షరం చెదిరితే అసలు ఎలా ఉండాలో పోల్చుకోవడానికి అది సాక్ష్యం.

"నా కథ కొట్టేస్తారేమో" అన్న భయం కొత్తవాళ్లకు మామూలే. 1886 నాటి బెర్న్ ఒడంబడిక ప్రకారం, దానిలో చేరిన దేశాల్లో రచన మీద హక్కు రాసిన క్షణం నుంచే రచయితది. రిజిస్ట్రేషన్ ఉంటేనే హక్కు అనేమీ లేదు, వివాదం వచ్చినప్పుడు సాక్ష్యంగా మాత్రం పనికొస్తుంది. ఆలోచనకు ఆ రక్షణ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. రాతప్రతిని కవర్లో పెట్టి తనకు తానే రిజిస్టర్ పోస్టు చేసుకునే పాత చిట్కా కంటే తేదీలతో ఉన్న చిత్తుప్రతులు, పంపిన ఈమెయిళ్లు నయం. నిజం చెప్పాలంటే, కొత్త రచయితకు దొంగల బెడద కంటే ఎవరూ చదవకపోవడమే పెద్ద బెడద.

ఎవరికి పంపాలి

మీ పుస్తకానికి దగ్గరగా ఉండి, గత మూడు నాలుగేళ్లలో వచ్చిన పుస్తకాలు ఓ పది తీసుకోండి. టైటిల్ పేజీ వెనక చూడండి. ప్రచురణ సంస్థ, ముద్రణ సంవత్సరం, ఎన్నో ముద్రణ, ఒక్కోసారి ఎన్ని కాపీలు వేశారో కూడా అక్కడే ఉంటుంది. ప్రచురణ సంస్థ పేరున్న చోట రచయిత ఇంటి చిరునామా కనిపిస్తే అది సొంత ఖర్చుతో వేసుకున్నది, దాన్ని పక్కన పెట్టండి. మిగిలిన పేర్లే మీ మొదటి జాబితా.

జాబితాను ఒక పట్టికలో పెట్టుకోండి. సంస్థ పేరు, వాళ్లు వేసే రకం, రాతప్రతులు తీసుకునే నెలలు, ఏమేం పంపమన్నారు, మీరు పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, వచ్చిన జవాబు. కవిత్వమే వేసేవాళ్లకు డిటెక్టివ్ నవల పంపితే ఆ నవల ఎంత బాగున్నా లాభం లేదు. మూడు అధ్యాయాలు చాలన్నవాళ్లకు మొత్తం పంపడం, మొత్తం అడిగినవాళ్లకు మూడే పంపడం, రెండూ తిరస్కరణకు దగ్గరి దారులే. కొన్ని దేశాల్లో పెద్ద సంస్థలు ఏజెంటు ద్వారా, అంటే రచయిత తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడే మనిషి ద్వారా, వచ్చినవే చూస్తాయి. అక్కడ ఈ పట్టికను ఏజెంట్ల పేర్లతో నింపాలి. ఏజెంటు తన వాటాను రచయితకు వచ్చే డబ్బులోంచి తీసుకుంటాడు. చదవడానికి ఫీజు అడిగేవాడు ఏజెంటు కాడు.

కథల సంపుటి అయితే ఇంకో పని ఉంది. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో జాబితా రాయండి. ఏదైనా పత్రిక గానీ పోటీ గానీ పుస్తక హక్కులు తీసుకుందేమో ఆ నిబంధనలు ఇప్పుడే తిరగేయండి. పేజీలు అచ్చయ్యాక ఈ సంగతి బయటపడితే ఆ కథను చింపి తీయలేరు.

ఉత్తరం, కథాసంగ్రహం, నమూనా

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. పుస్తకం పేరు, రకం, సుమారు ఎన్ని పదాలు. కథేమిటో ఒక పేరా. ఈ సంస్థకే ఎందుకు పంపుతున్నారో ఒకటి రెండు వాక్యాలు. మీ గురించి ఒకటి రెండు వాక్యాలు. అంతే. అన్నిటికంటే కష్టమైనది ఆ కథ పేరా. సాధారణంగా ఇలా రాస్తుంటారు:

"మారుతున్న సమాజంలో మానవ సంబంధాల్లోని సున్నితమైన కోణాలను ఆవిష్కరించే నవల ఇది."

దీన్ని వెయ్యి నవలలకు అతికించొచ్చు. అందుకే ఇది ఏ నవలకూ పనికిరాదు. అదే నవలను ఇలా చెప్పి చూడండి:

"జలాశయం కింద మునిగే ఊళ్లో ఇళ్లు లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయరుకు, పాత కొలతల్లో ఒక తప్పు కనిపిస్తుంది. ఆ కొలతలు తీసింది అతని తండ్రి. తప్పు బయటపెడితే ఊరు నిలుస్తుంది, తండ్రి జైలుకెళ్తాడు. ఊరు ఖాళీ చేయడానికి ఇంకా పన్నెండు రోజులే ఉంది."

ఎవరు, ఏం కావాలి, అడ్డమేమిటి, ఎంత గడువు. ఈ నాలుగూ చెప్పలేకపోతున్నారంటే ఉత్తరం కంటే ముందు నవలనే మళ్లీ చూడాలి. "మా వీధిలో అందరూ మెచ్చుకున్నారు", "ఇది చరిత్ర సృష్టిస్తుంది" వంటివి కొట్టేయండి. సంస్థ పేరు, సంపాదకుల పేరు అక్షరం పొల్లుపోకుండా రాయండి. ఒకరికి రాసిన ఉత్తరం ఇంకొకరి పేరుతో వెళ్లడం తరచూ జరిగేదే.

కథాసంగ్రహం 500 పదాల్లో, మొదటి నుంచి చివరి దాకా, ముగింపుతో సహా ఉండాలి. "ఆ తర్వాత ఏమైందో పుస్తకంలో చదవండి" అని ఊరించడం అట్ట వెనక చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. నవల నడక ఎక్కడా కూలిపోకుండా ఒడ్డుకు చేరిందా లేదా అన్నది చూడటానికే సంగ్రహం అడుగుతారు. పేర్లు నాలుగుకు మించితే చదివేవాళ్లు తికమకపడతారు. మిగతావాళ్లను "అన్న", "పక్కింటి టీచరు" అంటే సరిపోతుంది.

నమూనా అంటే మొదటి అధ్యాయాలు. "పదకొండో అధ్యాయం అద్భుతంగా ఉంటుంది" అని అది పంపేవాళ్లున్నారు. కొనే పాఠకుడు చదవడం మొదలుపెట్టేది మొదటి పేజీ నుంచే కదా. పదకొండోది అంత బాగుంటే, దాని ముందున్న పదింటిలో ఎన్ని అక్కర్లేదో చూసుకోండి. కథేతర పుస్తకమైతే మొత్తం రాయకముందే విషయసూచిక, ఒకటి రెండు అధ్యాయాలు, ఎవరు కొంటారు, ఇప్పటికే ఉన్న పుస్తకాలకూ దీనికీ తేడా ఏమిటి అన్నవి పంపొచ్చు.

పంపాక

ఒకేసారి యాభై మందికి పంపకండి. ఐదారుగురికి పంపి ఆగండి. ఉత్తరంలో లోపం ఉంటే అది ఐదుగురి దగ్గరే పాడవుతుంది, దిద్దుకుని మిగతావాళ్లకు పంపొచ్చు. ఒకరికంటే ఎక్కువమందికి పంపుతున్న సంగతి ఉత్తరంలోనే చెప్పండి. ఎవరైనా తీసుకుంటే మిగతావాళ్లకు అదే రోజు తెలియజేయండి. ఈ లోకం చిన్నది, ఇద్దరికి మాటిచ్చినవాడి పేరు తొందరగా పాకుతుంది.

గడువు చెప్పిన సంస్థ అయితే ఆ గడువు దాకా, లేకపోతే మూడు నెలలు ఆగి రెండు వాక్యాల్లో గుర్తుచేయండి. ఆరు నెలలు దాటినా జవాబు లేకపోతే కాదన్నట్టే లెక్క.

తిరస్కరణలన్నీ ఒకటి కావు. "మా ప్రణాళికలో ఇమడదు" అన్నది అచ్చుగుద్దిన జవాబు, దాన్ని తవ్వకండి. ఫలానా పాత్ర నమ్మశక్యంగా లేదు అని రాశారంటే ఎవరో కూర్చుని చదివారు. మార్చి పంపితే మళ్లీ చూస్తాం అన్నారంటే అది సగం అంగీకారం. అలాంటప్పుడు వారంలో తిరిగి పంపకండి. పైపైన దిద్దారని వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. కాదన్నందుకు వాదన పెట్టుకున్న ఉత్తరం వల్ల నిర్ణయం మారడం ఎక్కడా లేదు, తర్వాతి పుస్తకానికి తలుపు మూసుకోవడం మాత్రం ఉంది.

సంతకం పెట్టే ముందు

ఎంతో ఎదురుచూశాక వచ్చిన ఒప్పందాన్ని చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. అరపూట కేటాయించి, హక్కుల వ్యవహారం తెలిసిన వకీలు చేత కూడా చదివించండి. ముఖ్యంగా చూడాల్సినవి ఇవి.

కాపీరైటు మీ దగ్గరే ఉండాలి. ప్రచురణకర్తకు ఇచ్చేది వాడుకునే అనుమతి మాత్రమే. అదీ ఏ భాషలో, ఏ ప్రాంతంలో, ఏ రూపంలో, ఎన్నేళ్లు అన్నది రాసి ఉండాలి. "సమస్త హక్కులు, సర్వ రూపాల్లో, శాశ్వతంగా" అని ఉంటే అనువాదం, ఆడియో, సినిమా అన్నీ అందులో పోయినట్టే. వాళ్లు నిజంగా అమ్మగలిగిన హక్కులే ఇవ్వండి.

రాయల్టీ ఎంత శాతం అన్నదాని కంటే దేని మీద శాతం అన్నది చూడండి. ధర 100 ఉన్న పుస్తకం మీద 10 శాతం అంటే 10. డిస్కౌంట్లు పోగా సంస్థ చేతికి వచ్చిన 55 మీద 10 శాతం అంటే 5.5. రెండు ఒప్పందాల్లోనూ "10 శాతం" అనే ఉంటుంది. అమ్మకాల లెక్క ఏడాదికి ఎన్నిసార్లు పంపుతారు, అనుమానం వస్తే లెక్కలు చూసే హక్కు మీకుందా అన్నదీ రాయించుకోండి.

హక్కులు తిరిగొచ్చే దారి ఉండాలి. రాతప్రతి అందిన 18 నెలల్లోనో, మీరు ఒప్పుకున్న ఇంకో గడువులోనో పుస్తకం రాకపోతే హక్కులు వెనక్కి వచ్చేయాలి. "ముద్రణలో లేనప్పుడు హక్కులు తిరిగొస్తాయి" అన్న పాత వాక్యం ఇప్పుడు ఎందుకూ కొరగాదు. ఈబుక్ ఉన్నంతకాలం, అడిగినప్పుడు ఒక్కో కాపీ వేసిచ్చే ఏర్పాటు ఉన్నంతకాలం ఏ పుస్తకమూ ముద్రణ నుంచి పోదు. "వరుసగా 12 నెలల్లో ఇన్ని కాపీల కంటే తక్కువ అమ్ముడైతే" అని అంకెతో రాయించండి.

తర్వాతి పుస్తకం కూడా వాళ్లకే ఇవ్వాలన్న షరతు ఉంటే, అది ముందుగా చూసే అవకాశం దగ్గరే ఆగాలి, అదే ధరకు ఇచ్చితీరాలన్న బంధం కాకూడదు. రచయితకు ఉచితంగా వచ్చే కాపీలు ఎన్ని, అదనంగా కావాలంటే ఎంత తగ్గింపు, పాఠంలో మార్పులకు మీ అనుమతి కావాలా అన్నవి చిన్నవే గానీ తగవులు పుట్టేది వాటి దగ్గరే.

డబ్బు అడిగే "ప్రచురణకర్తలు"

మొత్తం రాతప్రతి పంపిన రెండో రోజే "మీ రచన అపూర్వం" అని జవాబొస్తే అది ఎవరూ చదవలేదన్నమాట. తర్వాత ప్యాకేజీలు వస్తాయి, ప్రచారానికి ఇంత, పురస్కారానికి ఇంత, ఇన్ని వందల కాపీలు మీరే కొనాలి అని. డబ్బు తీసుకుని అచ్చు వేసిపెట్టడం తప్పేమీ కాదు, అదొక సేవ. సేవకు డబ్బూ తీసుకుని, హక్కులూ రాయించుకుని, తనను ప్రచురణకర్త అని పిలుచుకోవడమే మోసం. మూడు ప్రశ్నలు వేయండి: హక్కులు ఎవరివి? అచ్చైన కాపీలు ఎవరి సొత్తు? మీరు వేసిన పుస్తకాలు ఏ దుకాణాల్లో దొరుకుతాయి? మూడో దానికి ఆన్‌లైన్ లంకె తప్ప ఇంకేమీ చూపించలేకపోతే, ఆ లంకె పెట్టుకోవడం మీకూ చేతనవుతుంది.

సొంతంగా వేసుకునేటప్పుడు

ఇక్కడ ప్రచురణకర్త మీరే. అంటే మొదట చెప్పిన లెక్క ఇప్పుడు మీది.

ఎడిటింగునూ ప్రూఫులనూ ఒకటిగా చూడకండి. ఎడిటరు వాక్యాన్నీ నిర్మాణాన్నీ చూస్తాడు, ఆ పని పేజీలు కట్టకముందే, అంటే పాఠాన్ని అచ్చు పేజీలుగా అమర్చకముందే, ముగియాలి. ప్రూఫ్‌రీడరు చూసేది పేజీలు కట్టాక. ఈ వరుస తప్పితే ప్రతి దిద్దుబాటుకూ పేజీలు కదులుతాయి, విషయసూచికలో నంబర్లు తప్పుతాయి.

ప్రూఫులు మూడుసార్లు చూడాలి, అందులో కనీసం ఒకసారి కాగితం మీద. తెలుగు పాఠం పాత ఫాంట్లలోకి మారి ఉంటే మొదటిసారి అర్థం కోసం కాకుండా అక్షరాల కోసమే చదవండి. ర వత్తులు, మూడు హల్లులు కలిసిన సంయుక్తాక్షరాలు చెదురుతాయి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు పోయి పక్క అక్షరానికి వత్తుగా అంటుకుంటుంది. మధ్యలో ఇంగ్లిషు మాటలుంటే అవి అర్థంలేని తెలుగు అక్షరాలుగా మారిపోతాయి. ఉటంకింపు గుర్తులు మాయమవుతాయి. రెండోసారి పాఠం చదవండి. మూడోసారి చెప్పిన దిద్దుబాట్లు పడ్డాయా, ఒకటి దిద్దబోయి పక్కది పాడుచేశారా అన్నది చూడండి. పుస్తకం పేరు, రచయిత పేరు, అట్ట వెన్ను, అధ్యాయాల పేర్లు విడిగా ఒకసారి చదవాలి. పెద్ద అక్షరాల్లో తప్పును కళ్లు దాటిపోతాయి.

పేజీల సంఖ్య మీ ఇష్టం కాదు. అచ్చు ఫారాల (పెద్ద కాగితాన్ని మడిచి చేసే పేజీల కట్టల) లెక్కన సాగుతుంది, సాధారణంగా 16 పేజీలకు ఒక ఫారం. పుస్తకం 163 పేజీలు వచ్చిందంటే పది ఫారాల మీద మూడు పేజీలు మిగిలాయి. వాటి కోసం ఇంకో ఫారమో, అర ఫారమో కాగితం పెట్టాలి. ఒక్క మాట కోసం కొత్త వరుస పట్టిన పేరాలను బిగిస్తే ఆ మూడు పేజీలు తేలిగ్గా తగ్గి 160కి వస్తాయి.

వెన్ను మందం ప్రెస్సును అడక్కుండా అట్ట వేయించకండి. 176 పేజీలంటే 88 కాగితాలు. ఒక్కో కాగితం 0.1 మిల్లీమీటరు మందం అయితే వెన్ను 8.8 మిల్లీమీటర్లు. కాగితం మారితే ఇదీ మారుతుంది, పేరు వెన్ను మీంచి జారి అట్ట మీదికి వస్తుంది. అట్ట బొమ్మ అచ్చు సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, కోతకు చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా వదలాలి. కాగితం నార (అందులోని పీచు సాగే దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండేట్టు చూడమనండి. అడ్డంగా ఉంటే పుస్తకం విప్పారదు, పేజీలు అలల్లా వంకరపోతాయి. జిగురు బైండింగు మొదటి కాపీని మధ్యకు విరిచి చూడండి. పేజీలు ఊడితే మిగతావి తీసుకోకముందే చెప్పొచ్చు.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) 2007 నుంచి 13 అంకెలది. పేపర్‌బ్యాక్, గట్టి అట్ట, ఈబుక్, ఒక్కోదానికి ఒక్కో నంబరు కావాలి. కొన్ని దేశాల్లో ఉచితం, కొన్నిచోట్ల కొనాలి. ఇంకొకరి నంబరు వాడుకుంటే రికార్డుల్లో ప్రచురణకర్తగా వాళ్ల పేరే ఉంటుంది.

ఎన్ని కాపీలు? వేసే కొద్దీ ఒక్కో కాపీ ఖర్చు తగ్గుతుందని ప్రెస్సువాళ్లు చెప్పేది నిజమే. అమ్ముడుపోని కాపీ ఎంత చవగ్గా వచ్చినా దండగే. డబ్బిచ్చి కొంటారని గట్టిగా అనుకునే మనుషుల పేర్లు కాగితం మీద రాయండి, దుకాణాలు తీసుకుంటామన్న సంఖ్య కలపండి. మొదటి ముద్రణ ఆ మొత్తానికి రెండింతలు దాటనివ్వకండి. తక్కువ కాపీలకు డిజిటల్ అచ్చు ఉంది. అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు. దుకాణాల్లో పెట్టిన ప్రతి కట్టకూ ఎన్ని కాపీలు, ఎంత డిస్కౌంటు, లెక్క ఎప్పుడు చూసుకోవాలి అన్నది రాసి సంతకం తీసుకోండి. నోటిమాట మీద వదిలిన కాపీలు ఆర్నెల్లకు ఎవరికీ గుర్తుండవు.

పని ముగిశాక, ఆఖరి చెల్లింపు కంటే ముందు, డీటీపీ చేసినవారి (కంప్యూటర్లో పేజీలు కట్టినవారి) నుంచి పీడీఎఫ్‌తో పాటు పేజీలు కట్టిన అసలు ఫైలు, అట్ట ఫైలు, వాడిన ఫాంట్ల పేర్లు తీసుకోండి. అచ్చు పీడీఎఫ్ ఒక్కటే చేతిలో ఉంటే రెండో ముద్రణలో ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా ఆ పేజీ మళ్లీ కట్టించుకోవాల్సి వస్తుంది.